పికప్పు చక్రాలకు కందెన

మా ఊరి నుంచి శ్రీకాకుళం వెళ్లే దారిలో, కాలువ గట్టు మీద ఒక మలుపు ఉంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క మనిషి లోతు పల్లంలో వరి మళ్లు. క్రితం ఏడు ఆ మలుపులో మా పికప్పు బండి స్టీరింగు తిరిగింది గానీ తిరిగి వెనక్కి రాలేదు. మా ఆయన రెండు చేతులూ చాలక భుజం కూడా ఆనించి దాన్ని వెనక్కి తోశాడు. ముందు చక్రం గట్టు అంచున గడ్డిలోకి దిగి, మళ్లీ దారి మీదికి ఎక్కింది.

నా ఒళ్లో పాప ఉంది. దానికి అప్పటికి ఇంకా కూర్చోవడం రాదు. ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో తలుపు పిడిని పట్టుకున్నాను. కాలువలో పడితే ఎటు దూకాలి, మడిలో పడితే పాపను ఎలా పొదువుకోవాలి అని ఆ కాస్తలోనే ఆలోచించేశాను. పాప నా మంగళసూత్రం నోట్లో పెట్టుకుని చప్పరిస్తూనే ఉంది.

"ఏటైనాది బావా?" అన్నాను. మేనమామ కొడుకును చేసుకున్నాను కాబట్టి పెళ్లయినా ఆయన నాకు బావే, వాళ్ల నాన్న మావే.

"ఏటీ అవనేదు. స్టీరింగు కొంచెం గట్టిగా ఉన్నాది."

"కొంచెం గట్టిగా ఉంటే భుజం ఎట్టి తోస్తావేటి?"

"నీ ఒళ్లో గుంటని నువ్వు సూసుకో. నా ఒళ్లో స్టీరింగుని నాను సూసుకుంటాను," అన్నాడు. నవ్వాడు గానీ మెడ మీంచి చెమట కారుతోంది.

ఆ బండి ముందు జీపు మూతి, మధ్యలో ముగ్గురు ఇరుక్కుని కూర్చునే గది, వెనక రేకు తొట్టి. అరవై ఏడులో కోతలయ్యాక మా మావ విశాఖపట్నంలో పాతదే చూసి కొన్నాడు. వేరుశనగ బస్తాలు, కొబ్బరికాయలు, గోగునార కట్టలు దాంట్లో బజారుకు వెళ్లేవి. కొన్న కొత్తలో దాని స్టీరింగు తేలిగ్గానే ఉండేది. దానికి నేనే సాక్షిని. నూర్పులైపోయిన కళ్లంలో బావ నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి తిప్పమన్నాడు. అప్పటికి పాప కడుపులో ఉంది. కష్టపడకుండానే తిప్పాను. కాబట్టి ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, మా ఇంటికి వచ్చాక పట్టుకున్నదే అని నాకు గట్టి నమ్మకం.

మావ బళ్లు తోలి పైకొచ్చిన మనిషి. వయసులో ఉన్నప్పుడు కళింగపట్నం రేవు నుంచి లోపలి ఊళ్లకు సరుకు మోసేవాడు. ఎడ్ల గురించి, ఇరుసుల గురించి ఆయన చెప్పిందే వేదం. మా వైపు అమావాస్య నాడు ఎడ్ల మెడ మీద కాడి పెట్టరు. ఆ రోజు ఎడ్లను కడుగుతారు, బళ్లకు కందెన పెడతారు. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదంలో నూరి చేసే నల్లటి ముద్దే కందెన. ప్రతి బండి కిందా వెదురు గొట్టంలో అది వేలాడుతూ ఉంటుంది. ఇరుసుకు పట్టిస్తే చక్రం కిర్రుమనకుండా తిరుగుతుంది. మావ పికప్పు బండికి కూడా అమావాస్య సెలవు ఇచ్చాడు. బజార్లో ఎంత తొందర పని ఉన్నా ఆ రోజు అది కదలడానికి వీల్లేదు.

"దానికి ప్రాణముందేటి నాన్నా?" అని బావ విసుక్కున్నాడొకసారి.

"మోసే దానికల్లా ఓ రోజు ఉండాల. నీకు అక్కర్లేదేటి? నువ్వు రోజూ పడుకునే ఉంటావు కాబట్టి తెల్దు," అన్నాడు మావ.

ఆ అమావాస్య రోజునే బావ గ్రీజు గన్నుతో బండి కీళ్లన్నిటికీ గ్రీజు ఎక్కించేవాడు. డబ్బాలో గ్రీజు తీసి గన్నులో నింపడం, బండి కింద దూరి ఒక్కొక్క చోటా కొట్టడం. పని మాత్రం ఎన్నడూ ఎగ్గొట్టలేదు.

మలుపు సంగతి జరిగిన వారంలోనే మావ పాప అన్నప్రాసన మాట ఎత్తాడు. అరసవల్లి దేవుడికి మొక్కుకున్నాం కనుక అక్కడే చెయ్యాలి. ముహూర్తం పెట్టించేశాడు. వెనక తొట్టిలో గడ్డి పరిచి పైన జంబుకాణా వేసి చుట్టాలను ఎక్కిస్తాడట. ముందు గదిలో బావతో పాటు నేనూ పాపా మావా.

"స్టీరింగు బాగైతే ఎక్కుతాను మావా. నేకపోతే పాపా నేనూ బస్సులో వస్తాం," అన్నాను.

మావ మాటకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో లేదు. ఆయన కోప్పడలేదు, అదే కష్టంగా అనిపించింది.

"సొంత బండి ఉండగా మనవరాలిని బస్సులో తీసుకెల్తే ఊరు నవ్వుద్ది కోడలా."

"కాలవలో పడితే నవ్వదేటి?"

"సదువుకున్న పిల్లని తెచ్చుకుంటే ఇంతే," అంది అత్త, చేటలో బియ్యం ఏరుతూ. "బేగి భయపడతాది, బేగి సెప్పేస్తాది."

నిజమే. నేను భయపడతాను. పాప పుట్టాక ఉయ్యాల తాడు దగ్గర్నుంచి పాల గ్లాసు అంచు దాకా అన్నిటికీ భయమే. కానీ భయపడ్డ చోటే ఆగిపోయే అలవాటు నాకు లేదు. దేనికి భయపడుతున్నానో దాన్ని విప్పి చూసేదాకా నిద్రపట్టదు. ఆ రాత్రి బావతో, మేస్త్రిని పిలిపించమన్నాను.

శ్రీకాకుళం నుంచి మేస్త్రి వచ్చాడు. నిదానస్తుడు, పని తెలిసినవాడు. బండి ఎక్కి స్టీరింగు అటూ ఇటూ తిప్పి, టైర్లలో గాలి చూశాడు. తక్కువగా ఉందని పంపు కొట్టించాడు. గాలి ఎక్కించినా అంతే గట్టిగా ఉంది.

"స్టీరింగు పెట్టె అరిగిపోనాది బాబూ," అన్నాడు బావతో. స్టీరింగు కడ్డీ కింద ఇనప పెట్టె ఒకటి ఉంటుంది, దాని పళ్లచక్రాలే మన చేతి తిప్పుడును ముందు చక్రాలకు అందిస్తాయి. "విజయనగరంలో పాత బండిది ఒకటి దొరుకుతాదేమో సూస్తాను. దొరికే దాకా మెల్లగా తోలుకోండి."

నేను పాపను భుజాన వేసుకుని అరుగు మీద నిలబడి వింటున్నాను. విజయనగరంలో బీఎస్సీ చదివేటప్పుడు ప్రయోగశాలలో తీగలన్నీ కలిపినా మీటరు ముల్లు కదలకపోతే, మా పంతులుగారు ఒకటే మాట చెప్పేవారు. మొత్తాన్ని తిట్టకండి, మధ్యలో విడదీయండి, తప్పు ఏ సగంలో ఉందో ముందు తేల్చుకోండి, అని. బండికి మాత్రం వేరే న్యాయం ఎందుకుంటుంది?

"మేస్త్రీ, ముందు చక్రాలు రెండూ నేల మీంచి లేపి తిప్పి చూడండి," అన్నాను.

మేస్త్రి బావ వైపు చూశాడు. "అమ్మగారికి బండి పని వస్తాదేటి బాబూ?"

"రాదు. కానీ ఊరుకోదు," అన్నాడు బావ.

జాకీ పెట్టి లేపారు. నేల తగలకపోయినా స్టీరింగు అంతే మొండిగా ఉంది. అంటే టైర్లది కాదు, బరువుది కాదు.

"ఇప్పుడు పెట్టెకీ చక్రాలకీ మధ్యనున్న కడ్డీ ఊడదీస్తే?"

మేస్త్రి ఈసారి బావను చూడలేదు. గెడ్డం గోక్కున్నాడు. "అదీ నిజమే," అని బండి కింద దూరి ఆ పొడుగు కడ్డీ విప్పేశాడు. బావ స్టీరింగు పట్టుకుంటే భూచక్రంలా గిర్రున తిరిగింది. పెట్టెకు ఏ రోగమూ లేదు. తర్వాత మేస్త్రి ముందు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని పక్కకు తోశాడు. మూలిగి, కొంచెం కదిలి, తోసిన చోటే ఉండిపోయింది. కుడిపక్క చక్రం మరీ మొండి.

"ఇక్కడున్నాది దొంగ," అన్నాడు మేస్త్రి. చక్రం పక్కకు మళ్లేటప్పుడు నిలువుగా ఒక లావుపాటి పిన్ను చుట్టూ తిరుగుతుందట. దాన్ని కింగు పిన్ను అంటారు. దాని చుట్టూ ఇత్తడి తొడుగు ఉంటుంది. "గ్రీజు అందక పట్టేసినాది."

"ప్రతి అమావాస్యకీ పెడతన్నాం కదేటి," అన్నాడు బావ.

"లోపలికి దిగి ఉండదు. గన్నుతో గట్టిగా ఎక్కించండి. అప్పటికీ రాకపోతే విప్పాల. విప్పితే బండి కొన్ని రోజులు పడుకుంటాది, మీ ముహూర్తం దాటిపోద్ది."

కడ్డీ బిగించి వెళ్లిపోయాడు. బావ అదే సాయంత్రం గన్ను నిండా గ్రీజు నింపి, చేతులు నొప్పెట్టేదాకా కొట్టాడు. మర్నాడు స్టీరింగు తేలిగ్గా తిరిగింది. మావ మొహం వెలిగింది. "సూసినావా కోడలా? బస్సు టికెట్టు సింపీయ్," అన్నాడు.

నేను చింపలేదు. నాకు ఒక సంగతి గుర్తొస్తోంది. బావ సాయంత్రాలు భుజం నొప్పి అని నూనె రాయమంటూ కూర్చునేవాడు. అమావాస్య తర్వాత రెండు మూడు రోజులు మాత్రం అడిగేవాడు కాదు. ఆ తర్వాత మళ్లీ మొదలయ్యేది, పోయిన నెల కన్నా ఎక్కువగా. గ్రీజు అందకపోతే పట్టేసేది, అందితే వదలాలి. మా బండికి మాత్రం గ్రీజు పెట్టిన ప్రతిసారీ కాస్త సుఖం, తర్వాత పెద్ద జబ్బు. పెట్టేదాంట్లోనే ఏదో ఉండాలి.

అనుకున్నట్టే నాలుగు నాళ్లకు బావ మళ్లీ నూనె గిన్నె వెతుక్కున్నాడు. మళ్లీ గన్ను పట్టుకుని బండి కింద దూరాడు. నేను వాకిట్లో పాపను ఎత్తుకుని నిలబడ్డాను. బయటికొచ్చి గుడ్డతో చెయ్యి తుడుచుకుని, బొటనవేలితో పాప బుగ్గ మీద ఒక చుక్క పెట్టాడు.

"దిష్టి సుక్క. మీ అమ్మ సూపే ముందు తగుల్తాది నీకు," అన్నాడు పాపతో.

పాప నవ్వింది. నేను కొంగుతో తుడిచాను. నలుపు పోయింది గానీ కింద బుగ్గ ఎర్రగా కందింది. దగ్గరగా చూస్తే వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు. పాప పెదవి విరిచి ఏడుపు ఎత్తుకుంది.

పాపను సముదాయిస్తూనే కొంగుకు అంటిన నలుపును రెండు వేళ్ల మధ్య పెట్టి రాశాను. గరగరలాడింది. గ్రీజు వెన్నలా జారాలి, ఇది సన్నటి ఇసకలా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆముదం వాసన, దాని వెనక కాలిన గడ్డి వాసన. ఆ వాసన ఈ ఊళ్లో ఎవరికి తెలియదు?

"బావా, ఈ డబ్బాలో గ్రీజు ఎవరు నింపుతారు?"

"నాన్నే. ఏం?"

గ్రీజు డబ్బా పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. నూతి దగ్గర అత్త బిందె తోముతోంది. పక్కన మావ ఎద్దు మెడతాడు పేనుతున్నాడు.

"మావా, గ్రీజులో కందెన కలిపినావేటి?"

"కలిపినాను," అన్నాడు, దాచడానికి ఏముంది అన్నట్టు. "ఒట్టి గ్రీజు ఎండకి నీరైపోతాది. కందెన పడితే పట్టుంటాది. ఇన్నేళ్లు బళ్లు తోలినాను, ఏ ఇరుసూ నన్ను తిట్టనేదు."

"ఆ చక్రాలు కర్రవి. దీంట్లో పిన్ను తిరిగే చోట ఇత్తడి తొడుగు ఉన్నాదంట."

"అయితే ఏటి?"

నేను అత్త వైపు తిరిగాను. "అత్తా, బిందె దేంతో తోముతన్నావు?"

"గడ్డి బూడిద, సింతపండు. సదువులో ఇది సెప్పనేదేటి?"

"బూడిద ఎందుకు?"

"ఇత్తడికి బూడిదే మందు. పైపొర లేసిపోద్ది." అత్త బిందె ఎత్తి మూతి వైపు చూపించింది. "నాను కాపరానికొచ్చినప్పుడు ఇదెంత బరువుండేది. తోమీ తోమీ అంచు కాడ తాటాకులాగ అయిపోనాది."

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. బిందెను చూసింది, నా చేతిలో డబ్బాను చూసింది, తర్వాత మావను చూసింది.

"అయితే నెలనెలా ఆ బండి లోపల నా బిందె తోమీసినావన్నమాట," అంది.

మావ పేనుతున్న తాడు ఒళ్లో పెట్టుకున్నాడు. డబ్బా ఇమ్మని చెయ్యి చాపాడు. కొంచెం తీసి, నేను చేసినట్టే వేళ్ల మధ్య రాసుకున్నాడు. ఇరుసుకు కందెన ఎన్నివేల సార్లు పట్టించిన వేళ్లో అవి. ఆ గరగర ఆయనకు కొత్త కాదు, కానీ ఆ రోజు ఇంకోలా తగిలినట్టుంది.

"ఎద్దైతే కుంటుద్ది, నాకు తెలుస్తాది. ఇది సెప్పదు కదమ్మా," అన్నాడు.

"సెప్తన్నాది మావా. బావ భుజం నొప్పి అదే."

ఆయన లేచి నా దగ్గరికి వచ్చి, పాప గెడ్డం పట్టుకుని మొహం ఇటు తిప్పాడు. బుగ్గ మీది ఎరుపు ఇంకా పోలేదు.

"ఈ గీత కూడా నాదేనా?"

ఆయన వేలు ఆ బుగ్గకు తాకించబోయి, వేలికి నలుపు ఉందని చూసుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మేస్త్రికి కబురెట్టండి. ముహూర్తం దాటితే ఇంకో ముహూర్తం ఉంటాది. పంతులుతో నాను మాటాడతాను," అని అటు తిరిగి ఎద్దుల దగ్గరికి వెళ్లిపోయాడు.

మేస్త్రి వచ్చి చక్రాలు ఊడదీసి పిన్నులు కొట్టి తీశాడు. నున్నగా ఉండాల్సిన ఇనుము మీద చుట్టూ గాట్లు పడ్డాయి. ఇత్తడి తొడుగు ఒక పక్క అరిగి కోలగా అయింది. ఆముదం ముదిరి జిగురై, బూడిదతో కలిసి గట్టిపడి, లోపల నల్లటి లక్కలా పట్టేసింది. మేస్త్రి దాన్ని గోటితో గీకి చూసి, "ఇలాంటి గ్రీజు నాను ఎక్కడా సూడనేదు," అన్నాడు.

"మా ఇంటి వంట," అన్నాడు మావ పక్క నుంచి. దాచుకోలేదు. ఆ మాటతో ఆయన మీద నాకున్న గౌరవం పెరిగింది.

పాత పిన్నులు పక్కన పడేసి, కొత్తవాటికి సరిపడా తొడుగులు శ్రీకాకుళంలో లేతు మిషను మీద చేయించి తెచ్చారు. మిగతా కీళ్లన్నీ కిరసనాయిలుతో కడిగారు. అవి అంతగా చెడలేదు. బిగించేటప్పుడు నేను పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. ఈ నట్టు వదులైతే ఏమవుతుంది, ఈ చిన్న పిన్ను ఊడితే ఏమవుతుంది అని ప్రతిదానికీ అడిగాను.

"అమ్మా, అన్నీ ఊడితే అందరం నడిసెల్తాం," అన్నాడు మేస్త్రి చివరికి. కానీ నేను అడిగిన ప్రతిదాన్నీ ఇంకోసారి బిగించి చూపించాడు.

బండి కళ్లంలోకి తీసుకెళ్లారు. బావ మెల్లగా గుండ్రంగా తోలుతూ స్టీరింగు పట్టు సడలించాడు. దానంతట అదే తిన్నగా వచ్చింది. అయినా పాపను ఎక్కించలేదు. అత్తకు ఇచ్చి, నేను ఒక్కదాన్నే బావ పక్కన కూర్చుని కాలువ మలుపు దాకా వెళ్లి వచ్చాను. ఆ మలుపులో కళ్లు మూసుకోలేదు, స్టీరింగునే చూశాను. తిరిగింది, వచ్చింది. ఇంటికొచ్చి పాపను అందుకుంటూ, "ఎల్దాం," అన్నాను.

ముహూర్తం మారలేదు. తొట్టిలో చుట్టాలు, ముందు మేం ముగ్గురం, నా ఒళ్లో కొత్త గౌనులో పాప. మలుపు వచ్చింది. బావకు తన బండి గొప్ప చూపించాలని సరదా పుట్టి, మలుపు చివర వేళ్లు కొంచెం విప్పాడు. స్టీరింగు చేతుల మధ్య నుంచి మెత్తగా జారి తిన్నగా నిలబడింది. నేను నోరు తెరిచేలోపే మావ అందుకున్నాడు.

"ఒరే, సెయ్యి ఒగ్గీకు. మంచి ఎద్దని పగ్గం ఒగ్గీస్తామేటి?"

బావ వేళ్లు మళ్లీ బిగిశాయి. అరసవల్లిలో గుడి ముందు దిగేటప్పుడు గమనించాను. దారి పొడుగునా నా రెండు చేతులూ పాప మీదే ఉన్నాయి, తలుపు పిడి మీద లేవు.

బండికి అమావాస్య సెలవు ఇప్పటికీ ఉంది. అది మానిపించాలని బావ నన్ను ముందుకు తోశాడు గానీ నేను వెళ్లలేదు. నెలకో రోజు బండి కింద దూరి చూసే ఆచారం మంచిదే. మొన్న అమావాస్యకు మావ కొత్త గ్రీజు డబ్బా మూత తీసి, కేకేశాడు.

"కోడలా, ఇలగొచ్చి సూడు. నువ్వు సూడనిదే గన్నులో ఎయ్యను."

పాపను చంకనేసుకుని వెళ్లి, వేలితో తీసి రాసి చూశాను. వెన్నలా జారింది. పాప అది తినే వస్తువనుకుని చెయ్యి చాపింది. దాని చెయ్యి పట్టుకుని, "ఎయ్యి మావా," అన్నాను.